కానుక అక్కడే వదిలేసి

ఆ బస్సులో డ్రైవరూ కండక్టరూ మాట్లాడుకోవడం మానేసి పదకొండు నెలలైంది. బస్సు మాత్రం రోజూ వేళకే నడిచింది. ఒక ఈల వేస్తే ఆగాలి, రెండు వేస్తే కదలాలి. అంతకు మించి మాట అక్కర్లేని ఉద్యోగం వాళ్ళది. రోజూ ఎక్కే ప్రయాణికులు మొదట్లో వింతగా చూశారు, తర్వాత అలవాటు పడ్డారు.

డ్రైవరుని డిపోలో అందరూ 'నిదానం' అనేవారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో హారన్ మీద చెయ్యి ఆనించి ఉంచిన పాపాన పోలేదు. అతని బస్సులో నిలబడ్డవాళ్ళు మలుపు దగ్గర కూడా కడ్డీ పట్టుకునేవారు కాదు. చొక్కా జేబులో చిన్న కొత్త నిబంధన పుస్తకం ఒకటి ఉండేది. అట్ట పోయి రెండుసార్లు అట్ట వేయించుకున్న పుస్తకం. చివరి స్టాపులో బస్సు పది నిమిషాలు ఆగినప్పుడు దాన్ని తీసి రెండు వచనాలు చదువుకుని, వాటిని ఆ రోజు రోడ్డు మీద వాడేవాడు. 'వాడేవాడు' అనడమే సరైన మాట. ఎవడైనా కారువాడు అడ్డంగా దూరితే, "ఏడు డెబ్భైలు నాలుగొందల తొంభై సార్లు క్షమించమన్నాడు ప్రభువు. ఈ రోడ్డు మీద పొద్దున పదింటికే సగం అయిపోతున్నాయి" అని నవ్వేసి బ్రేకు మీద కాలు వేసేవాడు.

కండక్టరు అతనికి పూర్తిగా ఎదురు. అసలు పేరు జీతాల కాయితం మీదే ఉండేది, 'రేడియో' అని పిలిస్తేనే పలికేవాడు. స్టాపు స్టాపుకీ ఒక వ్యాఖ్యానం. "ఆసుపత్రి స్టాపు! దిగేవాళ్ళు త్వరగా కోలుకోండి, ఎక్కేవాళ్ళు మెల్లగా ఎక్కండి!" "బడి స్టాపు! హోంవర్కు చెయ్యనివాళ్ళు ముందు దిగాలి, ధైర్యం వాళ్ళకే కావాలి!" పొద్దున్నే ఏడుపు ముఖంతో బస్సెక్కినవాళ్ళు కూడా నాలుగు స్టాపులు పోయేసరికి పెదవి విచ్చేవారు. డ్రైవరుని 'బావా' అని పిలిచేవాడు. వాళ్ళకి చుట్టరికం లేదు, తొమ్మిదేళ్ళు ఒకే బస్సు మీద పనిచేసిన చనువు, అంతే.

ఒక మధ్యాహ్నం జోరున వాన. బస్సులో పురుగు లేదు. రేడియో వచ్చి ఇంజను మూత మీద కూర్చుని, ఎన్నడూ లేనిది గొంతు తగ్గించి తన ఇంటి సంగతి చెప్పాడు. అతనికి ఒక్కతే కూతురు. తన ఆఫీసులో పనిచేసే అబ్బాయిని ఇష్టపడ్డానని తల్లికి చెబుతుంటే ఇతని చెవిన పడింది. అతనికి కోపం రాలేదు సరికదా, ఆనందం పట్టలేకపోయాడు. ఆ ఆనందంలో వీధిలో చెప్పాడు, డిపోలో చెప్పాడు, బస్సులో ఎక్కిన తెలిసినవాళ్ళందరికీ చెప్పాడు. ఆ అబ్బాయి తన తల్లిదండ్రులకి ఇంకా చెప్పుకోనే లేదు. వాళ్ళకి ఎవరో మూడో మనిషి ద్వారా తెలిసింది, అవమానపడ్డారు, గొడవ పెట్టుకున్నారు. చివరికి ఆ పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో, రెండు వైపులా కన్నవాళ్ళెవరూ లేకుండా జరిగింది.

"పోతూ పోతూ ఏమందో తెలుసా బావా? 'నా జీవితంలో ఒక్క మాట నేను చెప్పుకోవాల్సింది నాన్నా, అది కూడా నువ్వే చెప్పేశావు' అంది. రెండేళ్ళైంది. వాళ్ళమ్మని రానిస్తుంది, నన్ను రమ్మనదు." కాసేపు వైపర్ల వంక చూసి, "డిపోలో వాళ్ళకి పెళ్ళి జరిగిందనే తెలుసు, ఇదెవరికీ తెలియదు. నీ ఒక్కడికే చెప్పాను. నేను కూడా ఒక మాట దాచుకోగలను, చూశావా" అన్నాడు.

నిదానం అతని భుజం తట్టాడు. ఆ రాత్రి ప్రార్థనలో ఆ పిల్ల సంగతి కూడా దేవుడికి చెప్పాడు. భార్యకి మాత్రం చెప్పలేదు.

గొడవ వచ్చింది కళ్ళ దగ్గర. నిదానానికి ఎడమ కన్ను మసకబారడం మొదలై అప్పటికి ఏడాది. వయసు కదా అనుకుని సరిపెట్టుకున్నాడు. ఒకసారి స్టాపు బోర్డు కనబడక దాటిపోయాడు. ఇంకోసారి ఎడమ పక్కన వస్తున్న సైకిలాయన్ని చూడలేదు, రేడియో ఈల మీద ఈల ఊదితే ఆపాడు. "బావా, కళ్ళు చూపించుకో" అని రేడియో మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ "చూద్దాంలే" అన్నాడు. నాలుగోసారి చెప్పేలోగా ఎడమ అద్దం దీపస్తంభానికి తగిలి ముక్కలైంది. ఆ స్తంభానికి మూరెడు దూరంలో పుస్తకాల సంచులతో ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. ఆ సాయంత్రం రేడియో తిన్నగా డిపో మేనేజరు గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు.

మర్నాడు నిదానాన్ని డాక్టరు దగ్గరికి పంపారు. కంట్లో శుక్లం, ఆపరేషన్ చెయ్యాలన్నారు. అది అయ్యి, డాక్టరు మళ్ళీ సరేనని రాసిచ్చే దాకా స్టీరింగు పట్టుకోకూడదన్నారు. ముప్ఫయ్యేళ్ళలో ఒక్క మచ్చ లేని మనిషి. ఆ కాయితం చేతిలో పట్టుకుని డిపో క్యాంటీన్లోకి వచ్చేసరికి రేడియో అక్కడ టీ తాగుతున్నాడు. చుట్టూ మెకానిక్కులు, ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు, టీ పోసే క్యాంటీనమ్మ.

"వెనకాల వెళ్ళి చాడీలు చెబుతావా?" అన్నాడు నిదానం.

"చాడీ కాదు బావా. నీకు మూడుసార్లు చెప్పాను..."

"నీ కడుపులో మాట దాగితే కదా! ఆ నోటి మూలానే కన్నకూతురు నీ గడప తొక్కడం మానేసింది. ఊరంతా చాటి దాని పెళ్ళి పాడుచేసింది చాలక, ఇప్పుడు నా మీద పడ్డావా?"

క్యాంటీనమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. రేడియో గ్లాసు బల్ల మీద పెట్టాడు, చప్పుడు కాకుండా పెట్టాడు. లేచి వెళ్ళిపోయాడు.

రెండు నెలల తర్వాత నిదానం కొత్త కంటితో వచ్చి మళ్ళీ అదే బస్సెక్కాడు. రేడియో వెనక తలుపు దగ్గర నిలబడి, "టైమైంది డ్రైవర్ గారూ" అన్నాడు. 'బావా' అన్న పిలుపు పోయి దాని చోట వచ్చిన ఆ 'గారు' చెంపదెబ్బలా తగిలింది. ఆ తర్వాత ఆ మాట కూడా లేదు, ఈలలే. స్టాపుల పేర్లు కూడా పొడిపొడిగా, "ఆసుపత్రి", "బడి", "మార్కెట్టు" అని, అంతే.

నిదానం ఊరుకున్నవాడు కాదు. ఇది విశ్వాసికి పరీక్ష అనుకున్నాడు, పుస్తకం తీశాడు. శత్రువుల కోసం ప్రార్థించమంది వాక్యం. కాబట్టి రోజూ పొద్దున్నే రేడియో కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. "ప్రభువా, అతన్ని క్షమించే మనసు నాకియ్యి. అతని నోటిని నువ్వే అదుపులో పెట్టు" అనేవాడు. బస్సులో రేడియో మౌనం చూసినప్పుడల్లా, తన ప్రార్థన సగం ఫలించిందనే అనుకున్నాడు.

ఇంకో వచనం ఉంది. శత్రువు దప్పికతో ఉంటే నీళ్ళియ్యి, అలా చేస్తే అతని తల మీద నిప్పులు పోసినట్టవుతుందని. అది నిదానానికి బాగా నచ్చింది. రోజూ రెండు టీలు తెచ్చి ఒకటి రేడియో పక్కన పెట్టి, దూరంగా నిలబడి నిప్పులు ఎప్పుడు రాజుకుంటాయా అని చూసేవాడు. టీ చల్లారి మీగడ కట్టేది. రేడియో తాకేవాడు కాదు.

ఈ సంగతి ఇంట్లో చెబితే భార్య కుట్టుమిషను ఆపి నవ్వింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. సూది ఎంత పదునో మాటా అంతే. "ఆ నిప్పులేవో మన పొయ్యిలో వెయ్యండి, అన్నమన్నా ఉడుకుతుంది" అంది. దారం తెంపి, "ఆరోజు అతన్ని మీరేమన్నారో నాకు ఎప్పుడూ చెప్పలేదు" అంది.

"కోపంలో ఏదో అన్నాలే" అన్నాడు నిదానం. ఆవిడ అతని వంక ఒక్క క్షణం చూసి మళ్ళీ మిషను తొక్కింది.

వాళ్ళ చర్చి ఒక ఫర్నిచరు దుకాణం మీద అంతస్తులో ఉండేది. మెట్లెక్కుతుంటే రంపపు పొట్టు వాసన, పైన ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీ పక్కన ఒక పాత హార్మోనియం. పట్టుమని అరవై మంది ఉండరు. సెలవు కలిసొచ్చిన ఆదివారాల్లో కానుకల సంచి పట్టేది నిదానమే. పొడుగు కర్రకి ముదురు ఎర్ర గుడ్డ సంచి. బస్సు నడిపినంత నిదానంగా ఒక వరస తర్వాత ఒక వరస తిప్పేవాడు. కానుకలు పట్టేటప్పుడు అక్కడ పాట బదులు ఒక వాక్యభాగం చదివే అలవాటు. చదివేది బడిలో పనిచేసి రిటైరైన ఒక టీచరమ్మ. డెబ్భై దాటినా క్లాసులో ఆఖరి బెంచీకి వినబడేలా చదువుతుంది.

ఆ ఆదివారం ఆవిడ చదివిన భాగం నిదానం వందసార్లు విన్నదే. కానుక అర్పించడానికి పీఠం దగ్గరికి వచ్చినప్పుడు, నీ సహోదరుడికి నీ మీద ఏదో మనసులో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి అతనితో సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అని.

నిదానం మూడో వరసలో ఉన్నాడు. సంచి ఎదుట ఒక ముసలాయన జేబు వెతుక్కుంటున్నాడు. 'నీ సహోదరుడికి నీ మీద' అన్న ముక్క దగ్గర నిదానం ఆగిపోయాడు. ఇన్నాళ్ళూ అతను ఆ వాక్యాన్ని తిరగేసి విన్నాడు. తనకి రేడియో మీద కోపం ఉంది, దాన్ని తను క్షమించాలి, క్షమించడం కష్టంగా ఉంది, దేవుడు సాయం చెయ్యాలి. పదకొండు నెలల ప్రార్థనంతా ఇదే. వాక్యంలో ఆ మాటే లేదు. నీకు అతని మీద ఏముందని అది అడగడం లేదు. అతనికి నీ మీద ఏముందని అడుగుతోంది.

వానలో ఇంజను మూత మీద కూర్చున్న మనిషి కళ్ళకి కట్టాడు. చాడీలు చెబుతావా అని అరిచిన నోటితోనే, అతను నమ్మి దాచుకున్న మాట పదిమందిలో పరిచింది తనే. కంటి సంగతి మేనేజరుకి చెప్పి రేడియో ఇద్దరు పిల్లల్ని కాపాడాడు. తను చెప్పినదాని వల్ల ఎవరు బాగుపడ్డారు?

"అయ్యా, వేశాను, పోనియ్యి" అన్నాడు ముసలాయన.

నిదానం సంచి కర్రని ఆయన చేతిలోనే పెట్టేశాడు. "కాస్త పట్టుకోండి తాతగారూ" అని తలుపు వైపు నడిచాడు. టీచరమ్మ చదవడం ఆపి కళ్ళద్దాల పైనుంచి చూసింది. ఆడవాళ్ళ వైపు నుంచి భార్య, "ఎక్కడికండీ? కడుపులో బాలేదా?" అని గుసగుసగా అడిగితే, అది అరవై మందికీ వినబడింది.

"చదివింది వినలేదా?" అన్నాడు నిదానం, మెట్లు దిగిపోయాడు.

ఆదివారం రేడియోకి డ్యూటీ ఉంది, వేరే డ్రైవరుతో. పదకొండూ పదికి బస్సు డిపోకి వస్తుంది. నిదానం ఇస్త్రీ చొక్కాతో, నూనె మరకల మధ్య అరగంట నిలబడ్డాడు. చూసినవాళ్ళు పెళ్ళి చూపులకా అని ఎగతాళి చేశారు. బస్సు వచ్చింది. రేడియో దిగి క్యాంటీన్లోకి వెళ్ళాడు. నిదానం వెనకే వెళ్ళాడు. ఆరోజు ఉన్నవాళ్ళలో చాలామందే ఉన్నారు. టైర్ల మెకానిక్కు ఉన్నాడు, క్యాంటీనమ్మ ఉంది.

బయటికి పిలిచి చెబుదామా అనిపించింది. చాలా తేలిగ్గా ఉండేది. కానీ అన్నది అందరి ముందు కదా.

"ఒక్క నిమిషం అందరూ వినండి" అన్నాడు. "ఆరోజు ఈ బల్ల దగ్గరే ఇతన్ని నేనొక మాట అన్నాను. మీరంతా విన్నారు. ఆ మాట నాది కాదు. నన్ను నమ్మి నా దగ్గర దాచుకున్నది. దాచుకున్నదాన్ని తీసి మీ ముందు పారేశాను. ఇతను నా కంటి గురించి చెప్పడం తప్పు కాదు, చెప్పకపోతే నేనీపాటికి ఏ తల్లి ముందు తల దించుకుని నిలబడేవాడినో. తప్పంతా నాది." రేడియో వైపు తిరిగాడు. "నన్ను క్షమించు అనడానికి కూడా నోరు రావడం లేదు. అయినా అడుగుతున్నా."

రేడియో టీలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. ముఖం ఎత్తలేదు. చాలాసేపు తిప్పాడు. చివరికి లేచి, "టైమైంది" అని వెళ్ళిపోయాడు. గ్లాసులో టీ అలాగే ఉంది.

క్యాంటీనమ్మ నిదానం ముందు ఒక టీ పెట్టింది. "తాగి వెళ్ళన్నా. ముఖమంతా చెమట" అంది.

చర్చికి తిరిగి వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. భార్యా, టీచరమ్మా కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. టీచరమ్మ ఒళ్ళో ఎర్ర సంచి.

"అతను ఒక్క మాటన్నా మాట్లాడలేదు" అన్నాడు నిదానం. జరిగిందంతా, మొదటినుంచీ, భార్యకి ఎన్నడూ చెప్పనిది కూడా, అక్కడే చెప్పాడు.

"ముందు వెళ్ళు అని చెప్పిందయ్యా వాక్యం" అంది టీచరమ్మ. "వెళ్ళావు. నువ్వు మాట చెప్పినంత మాత్రాన అతను మెడ మీద పడి ఏడవాలని ఎక్కడా రాసిలేదు. పదకొండు నెలలు మోసినవాడికి దించుకోవడానికి పదకొండు రోజులన్నా ఇవ్వవా?"

భార్య మెట్లు దిగేటప్పుడు అతని చెయ్యి పట్టుకుంది. "ఎదుటివాడి కంట్లో నలుసు వెతికే మీ కంట్లో దూలం డాక్టరు తీసేశాడనే అనుకున్నా. సగం ఇవాళ తీశారన్నమాట" అంది. నిదానానికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

తొమ్మిది రోజులు పట్టింది. మంగళవారం మధ్యాహ్నం, చివరి స్టాపులో బస్సు ఖాళీ. నిదానం పుస్తకం తీయబోతుంటే రేడియో వచ్చి ఇంజను మూత పక్కన నిలబడ్డాడు. కూర్చోలేదు.

"నువ్వన్నది అబద్ధం కాదు" అన్నాడు. "అదే నన్ను తినేసింది. కోపం మూడు రోజులే ఉంది, తర్వాత ఆలోచిస్తే నిజమే కదా అనిపించింది. అందుకే నోరు కట్టేసుకున్నా. నోరు మూసుకుని ఉంటున్నానని తెలిస్తే అమ్మాయి వస్తుందేమోనని. నీ మీద పంతం కాదు."

నిదానం సీటు ఎత్తు నుంచి కిందికి జారి నిలబడ్డాడు. "నేనొకటి చెప్పాలి. నీ నోరు కట్టెయ్యమని రోజూ ప్రార్థన చేశాను."

రేడియో అతన్ని ఎగాదిగా చూశాడు. "రోజూనా?"

"రోజూ. పొద్దున ఐదున్నరకి."

రేడియో పెదవులు వణికాయి. ఏడుస్తాడేమో అనుకున్నాడు నిదానం. పెద్దగా నవ్వేశాడు. "పదకొండు నెలలు నోరు మూయించావు కదయ్యా! మా ఆవిడ ముప్ఫయ్యేళ్ళుగా చెయ్యలేకపోయింది. ఇంతకంటే మంచిది ఇంకేదీ దొరకలేదా బావా నీకు అడుక్కోవడానికి?"

"రేపటినుంచి మారుస్తా" అన్నాడు నిదానం.

ఆరోజు బస్సు రెండు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. నిదానం సర్వీసులో అరుదు.

తర్వాత రోజుల్లో మెల్లగా మాటలు కలిశాయి. రేడియో భార్య నెలకోసారి కూతురింటికి వెళ్ళి వస్తుందని, ఇప్పుడక్కడ ఐదు నెలల పాప ఉందని తెలిసింది. రేడియో ఫోటోలోనే చూశాడు. "ఉత్తరం రాయనా బావా? ఎలా రాస్తే బాగుంటుంది?" అని అడిగాడు. నిదానం జేబులో పుస్తకాన్ని తడుముకున్నాడు. ఒక మైలు రమ్మన్నవాడితో రెండు మైళ్ళు నడవమన్నది గుర్తొచ్చింది.

"ఉత్తరం దేనికి? గురువారం ఇద్దరికీ సెలవే. నేనూ వస్తా" అన్నాడు.

రేడియో భార్య ముందుగా కబురు పెట్టింది. 'వస్తే రానీ' అని జవాబొచ్చింది. ఆ రెండు ముక్కల్ని రేడియో రోజంతా తిప్పి తిప్పి చూసుకున్నాడు. 'రానీ'లో కోపం ఉందా, లేదా అని బస్సెక్కిన ఇద్దరు ప్రయాణికుల్ని అడగబోయి నాలుక కరుచుకున్నాడు. నిదానం భార్య రెండు మధ్యాహ్నాలు కూర్చుని పాపకి తెల్ల గౌను కుట్టింది, మెడ దగ్గర గుచ్చుకోకుండా కుట్లు లోపలికి మడిచి.

గంటన్నర ప్రయాణం. ప్రయాణికులుగా బస్సులో కూర్చోవడం ఇద్దరికీ చేతకాలేదు. మలుపు వచ్చినప్పుడల్లా నిదానం కాలు నేలని తొక్కేది. "ఈల చూడు, దగ్గినట్టుంది" అని రేడియో విసుక్కునేవాడు. సగం దూరం పోయాక అతను మాట్లాడటం మానేశాడు. గౌను పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని దారం ముడి విప్పుతూ, వేస్తూ కూర్చున్నాడు.

"నేనేం మాట్లాడను బావా. నువ్వే మాట్లాడు. నేను నోరు తెరిస్తే ఏదో ఒకటి పాడుచేస్తా."

రెండో అంతస్తులో చిన్న ఇల్లు. తలుపు తీసింది కూతురే, నడుం మీద పాపతో. తండ్రిని చూసి ఒక అడుగు పక్కకి జరిగింది. "లోపలికి రా నాన్నా. మీరూ రండి మావయ్యా" అంది. రేడియో కుర్చీ అంచున కూర్చున్నాడు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని. అమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది, అన్నం, కూరా వడ్డించింది. నిదానం వాన గురించీ, బస్సు గురించీ, కంటి ఆపరేషన్ గురించీ మాట్లాడాడు. అరగంటలో అతని దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి. రేడియో తలూపుతూ, మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాడు.

అమ్మాయి చివరికి ఉండబట్టలేక, "ఏంటి నాన్నా, ఒంట్లో బాగోలేదా?" అంది. "అమ్మ చెప్పింది, నువ్వు మాట్లాడటం మానేశావని. నేను నమ్మలేదు."

రేడియో నేల చూపులు చూస్తూ, "నీకు కోపమొస్తుందని" అన్నాడు.

"నా మాట నువ్వు చెప్పేశావని కోపమొచ్చింది. ఇంకా కొంచెం ఉంది కూడా. అంతే గానీ, నువ్వు అసలు మాట్లాడకూడదని నేనెప్పుడన్నాను?" ఆ పిల్ల అతని చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. "ఇలా కూర్చుంటే నాకు భయమేస్తోంది. ఎవరో పరాయి మనిషి వచ్చినట్టుంది."

"తప్పైందమ్మా" అన్నాడు రేడియో. ఆ తర్వాత మాట రాలేదు అతనికి. నిజంగానే రాలేదు. అమ్మాయి ముక్కు తుడుచుకుని, ఏం చెయ్యాలో తోచక పాపని తెచ్చి అతని ఒళ్ళో పెట్టేసింది.

పాప ఈ కొత్త ముఖాన్ని కాసేపు గుడ్లప్పగించి చూసి, పెదవి వంకర పెట్టి ఏడవబోయింది. రేడియో కంగారుపడ్డాడు. పిల్లల పాట ఒక్కటీ గుర్తురాలేదు. నోటికొచ్చింది ఒకటే. "డిపో! మార్కెట్టు! ఆసుపత్రి స్టాపు, అమ్మలూ, దిగేవాళ్ళు త్వరగా కోలుకోండి!" అని అందుకున్నాడు. పాప నోరు తెరిచి ఆగిపోయింది. బడి స్టాపు దగ్గర కిసుక్కున నవ్వింది. రేడియో చివరి స్టాపు దాకా వెళ్ళి, అక్కడినుంచి వెనక్కి మళ్ళీ మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం పాత గొంతే.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిదానం రెండోసారి వడ్డించుకుని, ఎవరి వంకా చూడకుండా తృప్తిగా తిన్నాడు.

సాయంత్రం అల్లుడు ఆఫీసు నుంచి వచ్చాడు. మర్యాదగా పలకరించాడు, టీ తాగాడు, ఎక్కువ మాట్లాడలేదు. అతని తల్లిదండ్రులతో ఆ గొడవ ఇంకా తెగలేదు. దానికి మూలం ఎవరో అతనికి గుర్తుంది. వెళ్ళేటప్పుడు మాత్రం బస్టాపు దాకా నడిచి వచ్చాడు. "వచ్చే నెల పాపకి అన్నం పెట్టడం మొదలుపెడతాం. రండి" అన్నాడు. రేడియో మూడుసార్లు వస్తానన్నాడు, నాలుగోసారి అనబోతుంటే నిదానం చెయ్యి నొక్కాడు.

ఆ తర్వాత ఆదివారం నిదానం చర్చిలో సంచి పట్టుకుని వరసలన్నీ తిప్పాడు. చివర తన జేబులో మూడు వారాలుగా మడతపడి ఉన్న తన కానుక కవరు తీసి అందులో వేశాడు. టీచరమ్మ చదువు ఆపలేదు గానీ, చూసింది.

అన్నీ ఒక్కసారిగా బాగుపడిపోలేదు. రేడియో స్టాపుల దగ్గర మళ్ళీ వ్యాఖ్యానం మొదలుపెట్టాడు, కానీ ఇప్పుడు ఎవరి ఇంటి సంగతైనా నోటి దాకా వస్తే ఈల నోట్లో పెట్టుకుని అప్పుడప్పుడూ అనవసరంగా ఊదేస్తాడు. బస్సు ఉత్తపుణ్యానికి ఆగుతుంది. నిదానం అద్దంలో చూసి, అర్థం చేసుకుని, మళ్ళీ గేరు వేస్తాడు. నిదానం తన వంతుగా ఒకటి నేర్చుకున్నాడు. ఏదైనా వచనం మరీ నచ్చేసిందంటే, అందులో తనని ఏ పక్కన నిలబెట్టుకున్నాడో రెండోసారి చూసుకుంటాడు. ఇది చెబితే భార్య, "రెండోసారి నన్నడగండి, త్వరగా తేలుతుంది" అంటుంది. నిజానికి ఈమధ్య అడుగుతున్నాడు కూడా.

మరుసటి ఏడాది కుడి కంటికి కూడా శుక్లం వచ్చింది. ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేకుండా నిదానమే మేనేజరు గదికి వెళ్ళి, సెలవు కాయితం తీసుకున్నాడు. ఆపరేషన్ రోజు పొద్దున లోపల మంచం మీద పడుకుంటే నర్సు వచ్చి చుక్కలు వేసింది, కదలకుండా ఉండమంది. బయట వరండాలో భార్య పక్కన కూర్చున్న రేడియో గొంతు తలుపు సందులోంచి వినబడుతోంది. ఎవరికో పాప మొదటి అడుగులు వేసిన సంగతి చెబుతున్నాడు. "ఇది చెప్పొచ్చు, మా అమ్మాయిని అడిగే చెబుతున్నా" అని మధ్యలో ఒకసారి అన్నాడు.

నిదానం కళ్ళు మూసుకుని, చుక్కల చల్లదనం కంట్లోకి దిగుతుంటే, ఆ కబురు చివరిదాకా విన్నాడు.